టాటీ ఎక్కిన ఆఖరి కొండ

శిఖరం కళ్లెదుట కనిపిస్తుండగా టాటీ కూలబడింది.

టాటీ అంటే అక్కడివాళ్ల మాటలో బంగాళాదుంప. పొట్టి కాళ్లు, మట్టిరంగు ఒళ్లు. ఆ కుక్కకు అంతకంటే తగిన పేరు దొరకదు.

పదునైన రాయి గీరుకుని దాని ముందుకాలు తెగింది. ఇష్‌బెల్ రుమాలు చింపి కట్టు కట్టింది. అది మూడు కాళ్ల మీద రెండడుగులు కుంటి, మళ్లీ కూర్చుని ఆమె మొహంలోకి చూసింది.

ఇష్‌బెల్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

స్కాట్లాండ్‌లో మూడు వేల అడుగులు దాటిన కొండలు మూడొందలకు కాస్త తక్కువ. అన్నీ ఎక్కేయాలన్నది అక్కడ చాలామందికి ఉన్న పిచ్చి. టాటీ కూనగా ఉన్నప్పుడు పట్టిన ఆ పిచ్చి ఇష్‌బెల్‌ను ఇంకా వదల్లేదు. అన్నీ ఇద్దరూ కలిసే ఎక్కారు. మిగిలింది ఇదొక్కటే, మల్ అనే దీవిలోని బెన్ మోర్.

అది ఆమె వంటింటి కిటికీలోంచి రోజూ కనిపించే కొండ. పిల్లలు మిఠాయి దాచుకున్నట్టు కావాలనే చివరికి ఉంచుకుంది. పడవెక్కి దీవికి వచ్చి మరీ దీనితో ముగించేవాళ్లూ ఉన్నారు.

"సముద్రం వైపు మెత్తటి దారి ఉందక్కా, గొర్రెలు కూడా నిద్రపోతూ ఎక్కేస్తాయని మొత్తుకున్నాను. ఆఖరి కొండను దొడ్డిదారిన ఎక్కనన్నావు" అన్నాడు తమ్ముడు టార్క్విల్.

ముందున్న రాళ్ల గోడ ఎక్కాలంటే రెండు చేతులూ కావాలి. కుక్కను చంకనేసుకుని ఎక్కడం కుదరదు. టార్క్విల్ సంచిలో కేకు, స్నేహితురాలు మోర్నా సంచిలో గ్లాసులు. ఖాళీ చేసినా టాటీ పట్టేంత సంచి ఒక్కటీ లేదు.

తను టాటీతో కిందికి దిగిపోతానంది ఇష్‌బెల్. అది లేకుండా ఎక్కితే తనకు ఎక్కినట్టే కాదంది.

"పెళ్లికూతురు లేని పెళ్లికి మేమెందుకే?" అంది మోర్నా.

అప్పుడు వచ్చాడతను కింది నుంచి. అరవై దాటిన మనిషి. వెలిసిపోయిన కోటు, వీపున పాతకాలపు పెద్ద సంచి. పొద్దుట్నుంచీ వీళ్ల వెనకాల దూరంగా వస్తూనే ఉన్నాడు. టార్క్విల్ అతనికి నత్త అని పేరు కూడా పెట్టేశాడు.

సంగతి విని, వెంటనే సంచి ఖాళీ చేశాడు. స్వెట్టరు, రొట్టె పొట్లం, ఒక విస్కీ సీసా. నిండుగా ఉంది, మూతైనా తీయలేదు.

"ఒంటరిగా కొండెక్కుతూ నిండు సీసానా? ఇంట్లో తాగనివ్వరు కాబోలు" అని టార్క్విల్ మోర్నా చెవిలో గొణిగాడు. ఆమె నవ్వు ఆపుకుంది.

"ఇటివ్వమ్మా దాన్ని" అన్నాడతను.

కొత్తవాళ్లంటే గుర్రుమనే టాటీ కిక్కురుమనకుండా సంచిలోకి దిగింది. తల మాత్రం బయటపెట్టి, ఊరేగింపుకు బయల్దేరిన జమీందారులా చుట్టూ చూసింది.

అతను తక్కిన సామాను ఒక రాతి కింద దాచాడు. గాజు వస్తువు అక్కడ క్షేమం కాదంటూ టార్క్విల్ సీసాను తన కోటు జేబులో వేసుకున్నాడు. దాని మీద అతనికి అప్పటికే మమకారం ఏర్పడింది.

గోడ దగ్గర అందరి మాటలూ ఆగిపోయాయి. అతను మాత్రం ప్రతి పట్టు దగ్గరా టాటీకి ఏదో ఊసు చెబుతూ ఎక్కాడు. నత్తను అందుకోలేక టార్క్విల్‌కు ఆయాసం వచ్చింది.

ఆఖరి కొండ ఎక్కేవాళ్లే ముందుగా వెళ్లి శిఖరం మీది రాళ్లగుట్టను తాకాలి. తక్కినవాళ్లు ఆగి చప్పట్లు కొట్టాలి. అది ఆనవాయితీ.

అతను టాటీని దించి గుట్ట వైపు ఒకసారి చూశాడు. తర్వాత వెనక్కి జరిగి, "మీరే ముందు" అన్నాడు.

ఇష్‌బెల్ వెళ్లి గుట్ట మీద చెయ్యి వేసింది. టాటీ కుంటుతూ వెళ్లి, కాలెత్తి తన పని కానిచ్చింది. అందరూ పడీపడీ నవ్వారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అతనే.

మోర్నా గ్లాసులు తీసింది. ఆఖరి కొండ ఎక్కిన మనిషి తన సీసా తెరిచి అక్కడున్న అందరికీ పోస్తేనే పండగ. సీసా అక్క సంచిలో ఉందని తమ్ముడు, తమ్ముడి సంచిలో ఉందని అక్క అనుకున్నారు. అది వంటింటి బల్ల మీద ఉంది.

"ఆ జేబులోది తీయవయ్యా. కొండ మీద తాగడానికే తెచ్చాను" అన్నాడతను.

తనే మూత తీసి అందరికీ పోశాడు. "ఆఖరి కొండకు" అంటూ గ్లాసు ఎత్తి, కళ్లు తుడుచుకున్నాడు. గాలి అలా ఉంది మరి, ఎవరూ వింతగా అనుకోలేదు.

వీళ్లు కేకు కోసే సందడిలో ఉండగా అతను వెళ్లి రాళ్లగుట్ట మీద రెండు చేతులూ ఆనించి కాసేపు నిలబడ్డాడు.

తర్వాత, సామాను దాచిన దారినే దిగాలి, ఆలస్యమైతే పడవ తప్పిపోతుందని చెప్పి, టాటీ తల నిమిరి వెళ్లిపోయాడు. పేరు అడగాలని ఎవరికీ తోచలేదు.

వీళ్లు మెత్తటి దారిన, టాటీని వంతులేసుకుని మోస్తూ, పాడుకుంటూ దిగారు.

రేవు పక్కన పెగీ నడిపే పబ్‌కు చేరేసరికి పడవ గట్టు వదిలి చాలాసేపైంది. టాటీ పొయ్యి దగ్గర కాళ్లు చాపింది. టార్క్విల్ నత్త కథను, నిండు సీసా కథను అభినయం పట్టి మరీ చెప్పాడు. పబ్ అంతా గొల్లుమంది.

పెగీ ఒక్కతే నవ్వలేదు. అతను రాత్రి తన మేడగదిలోనే బస చేశాడంది, ఇందాక పెట్టె కోసం వచ్చి వెళ్లాడంది.

"మీకేం చెప్పలేదా ఆయన?"

"ఏం చెప్పాలి?" అంది ఇష్‌బెల్.

"ఆయనకూ ఇదే ఆఖరి కొండర్రా, ఇన్నేళ్లూ ఒక్కడే ఎక్కాడట, దీనికి మాత్రం ముగ్గురు మనుషులూ ఓ కుక్కా తోడొచ్చారని పడవెక్కేదాకా కనిపించినవాళ్లకల్లా చెప్పుకుని మురిసిపోయాడు."