కుర్చీకి అంటించిన చీటీ

చెల్లీ హాజర్,

నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మరిదిగారి దగ్గు ఎలా ఉంది? అమ్మాయి వేళకు తింటోందా? ముగ్గురి గురించీ నాకు ఒకటే బెంగ.

ఇక్కడ జర్మన్ భాష నేర్పే బడిలో ఒకటైతే ఏమనాలో, ఎక్కువైతే ఏమనాలో నేర్పుతున్నారు. ఒక్కో మాటది ఒక్కో తీరు, బుర్రకెక్కి చావదు. ఇంట్లో వస్తువులన్నిటికీ చీటీలంటించమంది టీచరమ్మ. మంగళవారం కుర్చీ కడిగి వీధిలో ఆరబెట్టాను. జర్మన్‌లో రాసిన చీటీ దానికే ఉంది: 'కుర్చీ, కుర్చీలు.'

కాసేపటికి చూస్తే కుర్చీ లేదు!

ఇంతలో పై అంతస్తు ఎక్‌హార్ట్ తలుపు తట్టాడు.

"అమ్మా, కుర్చీ నేనే తీసుకున్నా. కుర్చీలని రాశారుగా, మిగతావేవీ?"

ఈ ఊళ్లో చీటీతో వీధిలో పెడితే, కావలసినవాళ్లు పట్టుకుపొమ్మనట!

"మిగతావెక్కడివి నాయనా, నాకున్నదే అదొక్కటి!"

సాయంత్రం నా కుర్చీతోపాటు తన పాతవి మూడు మోసుకొచ్చాడు. "మీ చీటీ అబద్ధం కాకూడదు కదమ్మా!"

చెల్లీ, మీరొస్తామన్నప్పుడల్లా ఒంట్లో బాగోలేదన్నాను. బాగానే ఉన్నానే. ముగ్గురినీ ఎక్కడ కూర్చోబెట్టనా అని భయం. ఇప్పుడు ఆ కుర్చీల కాళ్లు విరుగుతాయేమోనని రోజూ ఊపి చూస్తున్నా.

మే పదిహేడు, ఆదివారం. ముగ్గురూ రండి.