సత్తియ్య రెండో పెన్ను

"పెన్నేదయ్యా?" అంది డాక్టర్ పద్మశ్రీ.

సత్తియ్య తల గోక్కున్నాడు. "అయిపోయిందండి. ఇంకోటి రాయండి."

"అయిపోవడానికి అదేమన్నా కొబ్బరినూనె సీసానా? కందిరీగ కుడితే తొడలో పొడుచుకోమని ఇచ్చేను. నెల తిరక్కుండానే అయిపోయిందంటే కుట్టిందన్నమాట. ఏదీ, ఎక్కడ కుట్టింది?"

సత్తియ్య మోచెయ్యి చూసుకున్నాడు. మెడ తడుముకున్నాడు. ఎక్కడా చిన్న మచ్చయినా లేదు. పక్కన బెంచీ మీద వాళ్ళావిడ పోలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడకేసి చూస్తోంది.

పద్మశ్రీకి ఇదేదో తేడాగా తోచింది. ఆ ఇంజక్షన్ పెన్ను మలికిపురంలో దొరకదు. కందిరీగ విషం పడని ఒళ్ళు, చెట్లెక్కి కొబ్బరికాయల దింపు మానలేనన్నాడు కదా, ఈసారి కుడితే ఆసుపత్రికి చేరేదాకా ప్రాణం ఆగదు కదా అని చీటీ రాసి హైదరాబాదు నుంచి తెప్పించింది.

"పోనీ, ఖాళీ పెన్నన్నా చూపించు."

"పాతేసేమండి."

"పాతేసేరా!"

"ఆయ్. చెట్టు మొదట్లో."

మందులిచ్చే ప్రసాద్ కిసుక్కున నవ్వాడు. "మొలకొస్తే మనకీ ఒకటి తెమ్మనండి మేడమ్. ఎవరికో అమ్మేసుంటాడు."

"అమ్మలేదండి!" సత్తియ్య ప్రసాద్ వైపు తిరిగాడు. "దింపు జరుగుతుంటే కింద నిలబడ్డ మనిషిని కందిరీగలు కుట్టేసేయండి. మొహం ఉబ్బిపోయి, ఊపిరాడక కొట్టుకుంటుంటే చూస్తా ఎలా ఊరుకుంటామండి? పొడిచేసేను. వెంటనే రాజోలు ఆసుపత్రికి తీసుకెళ్ళేం. బతికేరండి."

"ఎవరా మనిషి?"

"ఎవరో ఒకరులెండి," అన్నాడు సత్తియ్య.

"కట్టుకథలు నా దగ్గర కాదు. ఆ మనిషిని తీసుకురా, అప్పుడు రాస్తాను చీటీ."

"ఆయన రారండి. పేరు చెప్పనని ఒట్టేయించుకున్నారండి."

"అయితే నువ్వూ చెట్టెక్కకు."

"రేపు ఓడలరేవులో దింపుందండి. ఎక్కకపోతే ఎలాగండి?" సత్తియ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. "వస్తానండి."

ప్రాణమైనా వదులుకుంటాడు గానీ పేరు చెప్పడట! పద్మశ్రీకి అనుమానం ఇంకా ముదిరింది.

"ఏం పోలమ్మా, నీ పసుపుకుంకాల కంటే ఆ పేరు ఎక్కువైపోయిందా? లేని మనిషికి పేరెక్కడి నుంచి వస్తుందిలే!"

పోలమ్మ కొంగు దించింది. "ఒట్టేసింది ఈయనండి. నేనెయ్యలేదు."

"ఒసే, ఊరుకో!" అన్నాడు సత్తియ్య.

"నేనూరుకోను. ఉన్న మనిషేనండి. కానీ మీరు ఆయన్ని కేకలెయ్యకూడదు. తోటలోకి వెళ్ళొద్దని మీరెప్పుడో ఫోన్లో గట్టిగా చెప్పేరంట. ఇప్పుడిలా అయిందని తెలిస్తే ఇంకేమన్నా ఉందా అని పెన్ను కూడా ఆయనే దగ్గరుండి పాతించేరు. మీరంటే అంత హడలండి ఆయనకి."

"నేనంటే హడలా! ఎవరికి?"

"మీ నాన్నగారికండి."