నమ్మకమైన ముఖం

నేను చెక్కిన కొత్త బంగారు నాణెం నమూనాను భూతద్దంలో చూసి మా డైరెక్టరు మురిసిపోయాడు.

"ఏం ముఖమయ్యా! ఆ నిండు కొప్పు, ఆ చూపు! నమ్మకం ఉట్టిపడుతోంది. ఎవరీవిడ?"

"మన టంకశాలలో ఊడ్చే పెద్దమ్మేనండీ."

ఆయన ఆముదం తాగిన ముఖం పెట్టాడు. "ఈ మాట ఇంకెక్కడా అనకు. చీపురు పట్టే మనిషి ముఖాన్ని లక్షలు పోసి ఎవడు కొంటాడు?"

ఆ ముఖం చెక్కడానికి నాకు ఆరు నెలలు పట్టింది. దానికో చరిత్ర చెక్కడానికి ఆయనకు ఒక్క పూట చాలింది. వెయ్యేళ్ల కిందట తన నగలన్నీ ప్రజలకు పంచిపెట్టిన మహారాణి అట! కరపత్రం కూడా అచ్చేయించాడు. జనం ఆ నాణేలను ఎగబడి కొన్నారు.

ఆ కరపత్రం పెద్దమ్మకు చదివి వినిపించాను. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఇంటికి బయల్దేరింది.

గేటు దగ్గర గార్డమ్మ ఆపింది. ఊడ్చేవాళ్లు బంగారు రజను దాచుకుపోతారేమోనని ఇరవై ఏళ్లుగా రోజూ జరిగే సోదాయే. గార్డమ్మ అలవాటుగా ఆమె కొప్పులో చెయ్యి పెట్టింది.

పెద్దమ్మ తల వంచి నిలబడింది.

"మెల్లగా తల్లీ," అంది. "రాణీగారి కొప్పు అది."