ఒక్క ఇంటి దిబ్బ

"వేరుపడదామంటే పడదాం. ఎక్కడ? ఊబిలోనా?" అన్నాడు భర్త, తెడ్డు వేస్తూ.

"అత్తయ్యగారి వంటింట్లో కంటే ఊబిలోనే ఊపిరాడుతుంది. పోనివ్వండి," అంది కొత్త పెళ్ళికూతురు. ఆమె ఒళ్ళో నాలుగు గుంజలు, కాళ్ళ దగ్గర సుత్తి.

ఆ పల్లంలో ఇల్లెక్కడ కట్టుకోవాలన్నది మనుషుల ఇష్టం కాదు, నీటి ఇష్టం. ఇటు ఏరు, అటు చిత్తడి. నడుమ సన్నటి గట్టు మీద ఇళ్ళన్నీ చీమల బారులా ఉంటాయి. ఇంకో గుమ్మానికి చోటులేదు. వరద తీశాక ఎక్కడైనా మెరక తేలితే, ముందు గుంజలు పాతినవాళ్ళదే ఆ చోటు. ఈసారి తుంగ వెనకాల ఒకే ఒక్క దిబ్బ తేలింది. అదీ ఒక్క ఇంటికే సరిపోతుంది.

"తూర్పుకి గుమ్మం. నీళ్ళవైపు కిటికీ. చెయ్యి చాపితే కలువ అందాలి," అందామె మురిసిపోతూ.

"వరదొస్తే చేపే అందుతుంది. వంట తేలిక."

"వంటంటే గుర్తొచ్చింది. నేను కలిపిన పిండి గోడకి పూసుకోవచ్చన్నారు నిన్న మీ అమ్మగారు."

"అమ్మకి నోరే అంత. మనసు వెన్న."

"ఆ వెన్న మీరే తినండి. నాకు నోరొక్కటే వడ్డిస్తున్నారు."

అతను నవ్వబోయి ఆగాడు. "అమ్మకి చెప్పడమెలాగే? తట్టుకోలేదు."

"నేను చెప్తాను, మెల్లగా. పాపం, పెద్దావిడ."

అంతలో తుంగ అవతల నుంచి ఠక్ ఠక్‌మని చప్పుడు. ఎవరో గుంజలు కొడుతున్నారు!

"తొందరగా వెయ్యండి! మన దిబ్బ పోతోంది!"

పడవ ఆగకముందే ఆమె దూకేసింది. మోకాలి దాకా దిగబడింది. ఒక చెప్పు బురదకి వదిలేసి, రెండో చెప్పు చేత్తో పట్టుకుని దిబ్బ ఎక్కింది.

"ఎవరండీ అది? ఇక్కడ మేం..."



మూడు గుంజలు అప్పటికే పాతేశారు. నాలుగోదాన్ని మామగారు రెండు చేతులా పట్టుకుని, తలెత్తకుండా నిలబడ్డారు. సుత్తి ఎత్తిన అత్తగారు దాన్ని దించకుండానే కోడలి భుజం మీదుగా కొడుకుని చూసింది.

"ఏమనుకోకురా నాన్నా. నీ పెళ్ళాంతో వేగడం నా వల్ల కావట్లేదు. ఆ ఇల్లు మీరే ఏలుకోండి, మేమే వేరుపడుతున్నాం."