గుండీల పాఠం

"ఎర్రవీ ఆకుపచ్చవీ వద్దు నాన్నా, తెల్లవీ నల్లవీ ఇవ్వు. ఎరుపూ ఆకుపచ్చా మన కళ్ళకి ఒకటేగా!"

దర్జీ నవ్వి గుండీల డబ్బా కూతురి ముందుకు తోశాడు. ఆమె బళ్ళో సైన్సు టీచరు. మర్నాడు క్షయకరణ విభజన పాఠం ఉంది, అమ్మానాన్నల గుణాల్లో సగం సగం బిడ్డకి ఎలా చేరతాయో చెప్పేది. దాన్ని గుండీలతో చెబుతుందట.

"ఇదిగో, ఈ జత అమ్మది. తెల్లది ఒకటి, నల్లది ఒకటి. బిడ్డకి వెళ్ళేది ఒక్కటే. ఏదన్నది లాటరీ. ప్రతి జతకీ విడివిడిగా ఇదే తంతు. అందుకే ఒక్క కడుపున పుట్టినా ఒక్కలా ఉండరు. ఈ రంగుల విషయంలో అమ్మ జతలోంచి నల్లది, అంటే రంగులు తెలీనిది, నా వాటాకొచ్చింది."

"మరి నాది?"

"ఇందులో నాన్న దగ్గరుండేదే ఒక్క గుండీ, నీది నల్లది, లాటరీ లేదు. తండ్రికి లేనిదే కూతురికి ఈ చూపు రాదు."

ఆమె గొంతు మెత్తబడింది.

"చిన్నప్పుడు అందరూ ఏడిపించేవారు కదా, ఈ పిల్లకి అమ్మ పోలికా లేదు, నాన్న పోలికా లేదు, ఎక్కడ దొరికిందో అని. అమ్మ చనిపోయిన ఏడాదే నేను బళ్ళో బొమ్మలో ఆకులకి ఎర్ర రంగు వేశాను. 'ఈ లోపం తండ్రికీ ఉండాలే' అన్నాడు నన్ను చూసిన కళ్ళ డాక్టరు. నువ్వు నా వంక చూసి, 'అవునండీ, నాకూ రంగులు తెలీవు' అన్నావు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను నాన్నా. ఈ కళ్ళే నాకు సాక్ష్యం."

దర్జీకి గుర్తులేకేం! ఆ వారమే ఆకుపచ్చ చొక్కాకి ఎర్ర గుండీలు కుట్టి చివాట్లు తిన్నాడు. ఇన్నాళ్ళూ ఇల్లాలే దారాలు ఏరిపెట్టేది కాబోలు, పాపం అనుకుంది వీధి. మరో రెండు చొక్కాలు అలాగే అయ్యేసరికి సగం గిరాకీ ఎదురు కొట్టుకి పోయింది. తండ్రీకూతుళ్ళు మాత్రం ఆ చొక్కాలు తలుచుకుని పడీపడీ నవ్వుకునేవారు. ఆ రోజులే బాగుండేవనిపించింది ఆయనకి.

ఆమె లేవబోతుంటే చెయ్యి తగిలి డబ్బా బోర్లాపడింది. ఎర్రవీ ఆకుపచ్చవీ కలిసిపోయి నేలంతా దొర్లాయి.

"అయ్యో! మనిద్దరం కూర్చుంటే తెల్లారినా తేలదు. రేపు ఎవరినైనా పిలిచి ఏరిద్దాంలే."

"అలాగేనమ్మా. నువ్వు బయల్దేరు, పొద్దుపోతోంది."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత తలుపు దగ్గరికి వేసి నేలమీద చతికిలబడ్డాడు.

ఎర్రవి ఎడమకీ, ఆకుపచ్చవి కుడికీ చకచకా ఏరేశాడు.