మూడో లైన్‌లో మిల్డ్రెడ్

"మూడో లైన్‌లో మిల్డ్రెడమ్మ ఉంది. బండి నడిపేవాళ్లు కాస్త పక్కకి ఆపుకోండి," అన్నాడు రేడియోలో ఆటల కార్యక్రమం నడిపే గస్.

సోమవారం సాయంత్రం. ఈరీ సరస్సు మీంచి మంచుగాలి కొడుతోంది. ఉక్కు మిల్లు నుంచి ఇళ్లకు పోతున్నవాళ్లంతా రేడియో గొంతు పెంచారు. నిన్న ఆదివారం టగ్స్ మళ్లీ ఓడింది. ఆ ఊరికి ఉన్న అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అదొక్కటే. హాకీ జట్టు పైక్స్ కూడా ఉందిగానీ, దాని ఏడుపు శనివారాలు ఏడుస్తారు.

మిల్డ్రెడ్ వంటింట్లో స్టూలు మీద కూర్చుని, ఫోనుకి గిన్నెలు తుడిచే గుడ్డ అడ్డం పెట్టుకుంది. ఎప్పుడు ఫోను చేసినా అంతే. మిల్డ్రెడ్ అన్నది కూడా రేడియోకి చెప్పే పేరే.

"నిన్నటి ఆట ఎలా ఉందంటారు?" అన్నాడు గస్.

"మన కుర్రాళ్లు మహా మర్యాదస్తులు నాయనా. బంతి చేతికి రాగానే, పరాయి సొమ్ము మనకెందుకని అవతలివాళ్లకి అప్పజెప్పేస్తున్నారు. వాళ్లననేం లాభం? బంతి ముందుకి తీసుకెళ్లే మూడో ప్రయత్నం అనగానే మధ్యలోంచి తోసుకుపొమ్మంటాడు కోచ్ టోబిన్. నిద్రలో లేపి అడిగినా అదే చెప్తాడు. ఆయన్ని ఇంటికి పంపించండి. క్రిస్మస్ లోపే పంపించండి."

సీజను మొదలైనప్పటి నుంచీ ఆమెది ఇదే పాట. మిగతావాళ్లు ఫోను చేసి బూతులు తిట్టేవాళ్లు. బూతులకు జట్టు యజమాని ఎప్పుడో అలవాటు పడిపోయాడు. మిల్డ్రెడ్ మాత్రం నవ్వుతూ తోలు తీసేది. ఆమె అన్న మాట మర్నాటికల్లా మంగలి షాపుల్లో తిరిగేది, ఆదివారానికి స్టేడియంలో అట్టల మీదికెక్కేది.

"మరి హాకీ సంగతేంటి? పైక్స్ ఇంతకన్నా ఘోరం కదా?" అని ఎగదోశాడు గస్.

పైక్స్ గోల్‌కీపర్ తలుపుల్లేని సత్రం నడుపుతున్నాడని, వచ్చినవాణ్ని వచ్చినట్టు లోపలికి పోనిస్తున్నాడని ఒప్పుకుంది మిల్డ్రెడ్. కానీ వాళ్ల కోచ్ ఫోర్నియర్ జోలికి మాత్రం పోలేదు.

"ఆయన్నెందుకు వదిలేస్తారు?"

"పాపం, పెళ్లికాని మనిషి. ఇంటికి పంపిస్తే ఎవరితో మాట్లాడతాడు?"

ఊరు ఊరంతా పడీపడీ నవ్వింది.

గస్‌కి ఇంకా వదలాలనిపించలేదు. గొంతు నూతిలోంచి వస్తున్నట్టుందేమిటి, ఎవరి నుంచి దాక్కుంటున్నారని అడిగాడు.

"మా ఆయనకి తెలిస్తే నొచ్చుకుంటాడు. ఈ ఊళ్లో టోబిన్ పక్షాన మిగిలింది ఆయనొక్కడే."

ఫోను పెట్టేసి, క్యాబేజీ చుట్టలు పళ్లెంలో సర్ది, పైన అల్యూమినియం రేకు కప్పి ఓవెన్‌లో పెట్టింది. ఆమె మొగుడు చీకటితో వెళ్లి చీకటిపడ్డాక వచ్చే మనిషి, ఆ ఊరి మగాళ్లు చాలామందిలాగే. ఆదివారం లేదు, పండగ లేదు. వచ్చాక చల్లారిన తిండి నిలబడే మింగి, కుర్చీలోనే కునుకు తీస్తాడు. గుండె జాగ్రత్త అని డాక్టరు చెబితే, మీ పని మీరు చూసుకోండి అని వచ్చాడు. ఏదో ఒకరోజు ఆ కుర్చీలోంచి లేవడేమోనని ఆమెకు భయం. ఆ ఇంట్లో ఆమెకు తోడు రేడియోనే.

ఆ వారం ఎవడో ఆకతాయి కోచ్ టోబిన్ ఇంటి గుమ్మం ముందు బుట్టెడు కుళ్లిన చేపలు కుమ్మరించిపోయాడు. ఊరు చంకలు గుద్దుకుంది. సోమవారం మిల్డ్రెడ్ కూడా నవ్విస్తుందని అందరూ చెవులు రిక్కించుకు కూర్చున్నారు.

"చేపలు పోసిన వెధవెవడో గానీ, వాడి చేతులు పడిపోను," అంది మిల్డ్రెడ్. "కోచ్‌ని తిట్టండి, గుమ్మాన్ని కాదు. కడుక్కునేది ఆయన కాదు కదా."

"ఇంత జాలి ఎప్పటి నుంచి?" అన్నాడు గస్.

"జాలా, పాడా. ఈ పేరంటాలన్నీ ఎందుకు, ఇంటికి పంపిస్తే సరిపోయేదానికి?"

టోబిన్ ఇవేవీ వినేవాడు కాదు. సోమవారం సాయంత్రాలు స్టేడియంలో చీకటి గది మూసుకుని, ఓడిన ఆట ఫిల్మునే మళ్లీ మళ్లీ వేసుకు చూస్తాడని ఊరందరికీ తెలుసు. అన్నిసార్లు చూసినా గెలవలేదేమని మిల్డ్రెడే ఒకసారి అడిగింది.

తర్వాతి ఆదివారం టగ్స్ సొంత గడ్డ మీద, మంచులో, అధమాధమమైన జట్టు చేతిలో ఓడింది. మూడో ప్రయత్నం వచ్చినప్పుడల్లా మధ్యలోంచే తోసుకుపోయారు. ఎటు పోతారో స్టేడియం మొత్తం ముందే అరిచి చెప్పింది, అవతలి జట్టుతో సహా.

సోమవారం గస్ కార్యక్రమం మొదలుపెడుతూనే ఆ వార్త చదివాడు. మధ్యాహ్నం యజమాని కోచ్ టోబిన్‌ని తీసేశాడు. వీధుల్లో కార్ల హారన్లు మోగాయి. సారా దుకాణాల ముందు ముసలాళ్లు కావలించుకున్నారు.

"మిల్డ్రెడమ్మా, ఈ గెలుపు మీదే. ఏమంటారు?"

అవతల్నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

"నవ్వుతున్నారా, ఏడుస్తున్నారా?"

"తెలీట్లేదు గస్. ఆయన మనసు ఎంత కష్టపెట్టుకుని ఉంటాడో. ఉంటాను మరి, పొయ్యి మీద కూరుంది."

ఫోను పెట్టేసి, ఆ గుడ్డతోనే మొహం తుడుచుకుంది. రేడియో కట్టేసింది. రేకు చుట్టను సొరుగులోకి నెట్టేసి, బల్ల మీద రెండు పళ్లేలు పెట్టింది. కిటికీలో ఇంకా కాస్త వెలుతురుంది. బయట కారు ఆగిన చప్పుడైంది.

గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుని, మెడలోని విజిల్ తీసి మేకుకు తగిలించి, కోచ్ టోబిన్ కుర్చీలో కూలబడి, "ఆ మిల్డ్రెడ్ ఎవర్తోగానీ నా ఉద్యోగం ఊడబెరికిందే, ఆకలేస్తోంది, ఏం వండావ్?" అన్నాడు.