నూటికి తొంభై ఎనిమిది

సూళ్లూరుపేటలో టీచర్ల శిక్షణ. జ్ఞానప్రకాశం మాస్టారు తన కూతురి కథ చెప్పడం ఇది నలభయ్యోసారి. ఇప్పుడాయన గొంతు వణకడం లేదు.

“మా ఏంజెలిన్‌కి లెక్కల్లో తొంభై ఎనిమిది వచ్చినాయి. ‘ఆ రెండూ యాడ పోయినాయమ్మా?’ అన్నాను. పాపతో నేను మాట్లాడిన ఆఖరి మాట అదే. సాయంత్రానికి నా బిడ్డ లేదు. మన బడులు మారాలంటే ముందు ఆ మాట మారాల. బిడ్డల్ని మార్కులతో కొలవబాకండి.”

టీచర్లు కళ్లు తుడుచుకున్నారు. ఆయన గడియారం చూసుకున్నాడు.

భోజనాల వేళ, శిక్షణ చూసుకునే చిన్న వయసు టీచరమ్మ ఫీడ్‌బ్యాక్ ఫారాలు పట్టుకుని పరుగున వచ్చింది.

“సార్, మీ క్లాసుకి అందరూ మార్కులేసినారు. నూటికి తొంభై ఎనిమిది!”

ఆయన ఫారాల కోసం చెయ్యి చాపాడు.

“ఆ రెండూ యాడ పోయినాయమ్మా?”